కాడోట్ కుటుంబం పిల్లలది ఏ వంశం? ఓజిబ్వే చరిత్ర తెలిసినవాళ్లు చెప్పగలరా

అందరికీ నమస్కారం. ఉత్తర అమెరికాలోని సుపీరియర్ సరస్సు చుట్టూ తోళ్ల వ్యాపారానికి వచ్చిన ఫ్రెంచివాళ్లు అక్కడి ఆదివాసీలైన ఓజిబ్వేల కుటుంబాల్లో చేసుకున్న పెళ్లిళ్ల గురించి చదువుతూ ఒకచోట ఆగిపోయాను.

ఓజిబ్వేల్లో డూడెమ్ అనే వంశం మన గోత్రంలాగే తండ్రి నుంచి వస్తుంది. ఒకే డూడెమ్ వాళ్ల మధ్య పెళ్లి కుదరదు. మరి తండ్రి వైపు ఫ్రెంచి అయితే?

మిషెల్ కాడోట్‌నే తీసుకోండి. తల్లి ఓజిబ్వే. ఆ సరస్సులోని ఒక దీవి మీదున్న లా పాయింట్ అనే ఊళ్లో వ్యాపారం చేస్తూ, కొంగ వంశపు పెద్ద వైట్ క్రేన్ కూతురు ఇక్వేసేవేని పెళ్లాడాడు. బాప్తిస్మంలో ఆమెకు మడలీన్ అని పేరు పెట్టారు. ఆ దీవిని ఇప్పటికీ మడలీన్ ఐలాండ్ అనే అంటారు. బీవర్ తోళ్లు తెచ్చే వేటగాళ్లకు నమ్మకం కలగాలంటే అలాంటి చుట్టరికం చాలా ముఖ్యం. మామగారి అండ లేకుండా అతని వ్యాపారం అంతగా నిలిచేది కాదని నా అభిప్రాయం.

వాళ్ల కూతుళ్లు ఇద్దరు వారెన్ ఇంటిపేరున్న అమెరికన్ అన్నదమ్ములను చేసుకున్నారు. ఈ పిల్లలకు, మనవలకు డూడెమ్ ఎలా వచ్చింది? తల్లిదే ఇచ్చేవారా, వేరే వంశం దత్తత తీసుకునేదా?

అమెరికా ప్రభుత్వానికి, ఓజిబ్వేలకు మధ్య కుదిరిన 1837 ఒప్పందంలో ఇలాంటి మిశ్రమ కుటుంబాలకు లక్ష డాలర్లు కేటాయించారు. ఆ పంపకం జాబితాల్లో వంశం కూడా రాశారా? విస్కాన్సిన్, మిన్నెసోటాల్లో ఉంటున్న తెలుగువాళ్లు ఎవరైనా అక్కడి ఓజిబ్వే పెద్దలను అడిగి చెబితే ఎంతో మేలు చేసినవాళ్లవుతారు.