కణ అస్థిపంజరమా, కణ అల్లికా?

కణానికి ఆకారమూ ఆసరా ఇచ్చే లోపలి ప్రోటీన్ పోగుల్ని సైటోస్కెలిటన్ అంటారు. దాన్ని తెలుగులో ఏమనాలని మొన్న గ్రూపులో ఒకరు అడిగారు. ‘కణ అస్థిపంజరం’ అని చాలామంది రాస్తున్నారు. నాకా మాట మింగుడు పడదు. ఎందుకో చెప్పాలంటే రక్త కేశనాళికల దగ్గరికి వెళ్ళాలి.

కేశనాళిక గోడ ఒక్క కణం మందమే. దారి వెడల్పు 5 నుంచి 10 మైక్రోమీటర్లు, ఎర్ర రక్తకణాలు ఒకదాని వెనక ఒకటి దూరిపోయేంత. ఆ గోడలో పక్కపక్క కణాలు వీఈ-క్యాడెరిన్ అనే ప్రోటీన్‌తో ఒకదాన్నొకటి పట్టుకుని ఉంటాయి. ఆ పట్టు కణం లోపల, అంచు చుట్టూ ఉండే ఆక్టిన్ పోగులకు ముడిపడి ఉంటుంది. సైటోస్కెలిటన్‌లో ఒక భాగం ఈ పోగులే.

ఇప్పుడు ఆక్సిజన్ పడిపోయిందనుకోండి. (భీమవరం చేపల చెరువుల గట్ల మీద వినే మాటే. ‘ఆమ్లజని లేమి’ కంటే నాకిదే నచ్చుతుంది.) కణానికి శక్తినిచ్చే ఏటీపీ తగ్గుతుంది. ఆక్టిన్‌ని బిగించే రోఎ అనే ప్రోటీన్ రెచ్చిపోతుంది. అంచున ఉన్న ఆక్టిన్ విడిపోయి, కణానికి అడ్డంగా లావుపాటి కట్టలు కడుతుంది. మయోసిన్ అనే ప్రోటీన్ వాటిని లాగేసరికి కణం ముడుచుకుని, పక్కదానితో పట్టు సడలి, సందు పడుతుంది. నీరూ ప్రోటీన్లూ అందులోంచి బయటికి కారిపోతాయి. ఊపిరితిత్తుల్లో ఇలా కారితే మనిషికి ఊపిరాడదు.

కణం మాత్రం చేతులు కట్టుకుని కూర్చోదు. పీ38, దాని వెనకే ఎంకే2 అనే ఎంజైములు పని మొదలుపెట్టి, హెచ్ఎస్‌పీ27 అనే చిన్న ప్రోటీన్‌కి ఫాస్ఫేటు తగిలిస్తాయి. ఫాస్ఫేటు లేనప్పుడు ఆ ప్రోటీన్ ఆక్టిన్ పోగు చివర కూర్చుని దాన్ని పెరగనివ్వదు. ఫాస్ఫేటు తగిలాక పక్కకు తప్పుకుంటుంది, పోగు పెరగడానికీ తెగకుండా నిలవడానికీ సాయపడుతుంది. సైటోస్కెలిటన్‌లోనే ఉండే విమెంటిన్ పోగులు వేరే రకం. ఎంత సాగినా ఓ పట్టాన తెగవు.

నరసాపురం వైపు ఆడవాళ్ళ లేసు అల్లిక దగ్గరగా చూసినవాళ్ళకి తెలుస్తుంది. పువ్వు సరిగ్గా రాకపోతే దారం కొస పట్టి లాగుతారు. కుట్లన్నీ వరసగా ఊడొస్తాయి. అదే దారంతో మళ్ళీ అల్లుతారు. ఆక్టిన్ తీరూ అదే, ఒక కొసన ఊడిన అణువులు ఇంకో కొసన చేరుతూనే ఉంటాయి. అందుకే నేను ‘కణ అల్లిక’ అంటాను.

వ్యాఖ్య (అమలాపురం నుంచి): అల్లిక బాగుందండీ. కానీ టిష్యూకి ‘కణజాలం’ ఉందిగా? జాలమంటే వలే. పిల్లలు రెండూ ఒకటే అనుకుంటారేమో. పైగా సైటోస్కెలిటన్‌లోనే ఉండే మైక్రోట్యూబ్యూల్స్ 25 నానోమీటర్ల గొట్టాలు, బిరుసుగా ఉంటాయి. వాటికి అల్లిక అనే మాట నప్పుతుందా?

జవాబు: మొదటిది ఒప్పుకోవాల్సిందేనండీ. కణజాలం కణాలన్నీ కలిస్తే అయ్యేది, ఇది ఒక్క కణం లోపలిది. ‘లోఅల్లిక’ అంటే ఆ తికమక ఉండదు, నాకిప్పుడు అదే ఇంకా బాగుందనిపిస్తోంది. రెండోదానికొస్తే, ఆ గొట్టాలు బిరుసే గానీ అవీ ఊడుతూ కట్టుకుంటూ ఉండేవే. అవి విడిపోతే వాటిని అంటుకుని ఉన్న జీఈఎఫ్-హెచ్1 అనే ప్రోటీన్ బయటపడి రోఎని రేపుతుంది, దాంతో ఆక్టిన్ బిగుస్తుంది. ఎముకా మారుతుంది, కాకపోతే నెలల మీద. ఇక్కడ నిమిషాల్లో అయిపోతుంది. ఇంటర్ పిల్లలకి నోట్సు రాసేటప్పుడు మాత్రం పక్కన సైటోస్కెలిటన్ అని కూడా రాయండి, పై చదువుల్లో వాళ్ళకి ఎదురయ్యేది ఆ పేరే.