అదును, పదును: కెమెరా పట్టుకునేవాళ్ల చేతిలో ఈ జంట మాట

"అదునెరిగి సేద్యం, పదునెరిగి పైరు" అన్న సామెత గురించి రాయాలనిపించింది. అదును అంటే సరైన సమయం, పదును అంటే విత్తడానికి తగినంత తడి నేలలో ఉండటం. ఈ పదును కత్తికీ వాడతాం, ఇప్పుడు ఫోటోకీ వాడుతున్నాం, షార్ప్‌గా వస్తే మంచి పదునుందిరా అంటాం. అడవిలో జంతువుల్ని, పక్షుల్ని ఫోటో తీసేవాళ్లకి ఈ రెండు మాటలూ కలిపే కావాలి, ఎందుకంటే అక్కడ అదును వచ్చాక పదును చూసుకుంటానంటే కుదరదు.

కొంగనే తీసుకోండి. నీళ్లలో కదలకుండా నిలబడి ఉంటుంది, 1/250 షట్టర్ స్పీడ్‌కే (అంటే కెమెరా సెకనులో 250వ వంతు సేపు వెలుగు తీసుకుంటే చాలు) చక్కగా వచ్చేస్తుంది, ఐఎస్ఓ (వెలుగుని కెమెరా ఎంత పెంచి చూపించాలో చెప్పే అంకె) కూడా తక్కువలో ఉంచుకోవచ్చు, చాలామంది అక్కడే ఆగిపోతారు. కానీ మనక్కావాల్సింది చేపని పొడిచే కొంగ కదా! మెడని ఎస్ ఆకారంలో వెనక్కి లాక్కుని, ముక్కు నీళ్లవైపు గురిపెట్టిందంటే పోటు ఏ క్షణమైనా పడొచ్చు, అప్పుడు డయల్ తిప్పే టైమ్ ఎక్కడిది? అందుకే అది నిలబడి ఉన్నప్పుడే 1/2000 పెట్టేసుకోవాలి. 1/500కి ఐఎస్ఓ 400 సరిపోయే వెలుగులో 1/2000కి 1600 కావాలి, కొంచెం నాయిస్, అంటే ఫోటోలో గరుకు చుక్కలు, వస్తుంది, రానివ్వండి, దాన్ని తర్వాత చాలావరకు తగ్గించుకోవచ్చు, చెదిరిపోయిన ముక్కుని మళ్లీ తెచ్చుకోవడం మాత్రం చాలా కష్టం.

▪ బాగుందండీ. కానీ "అదును చూసి దెబ్బ కొట్టాడు" అంటాం, అక్కడ పదును ఊసే లేదు కదా?

▪ నిజమేనండీ, అక్కడ అదును అంటే అవకాశం. అయినా ఆ "చూసి" అన్న మాట గమనించండి, ఊరికే ఎదురుచూడటం కాదది, గుర్తులు కనిపెట్టడం. వాలి ఉన్న పక్షి కాస్త ఒంగి కాళ్లు ముడిచిందంటే, చాలాసార్లు రెట్ట వేసిందంటే కూడా, ఇక ఎగరబోతోందని. మామూలుగా గాలికి ఎదురుగానే లేస్తుంది కాబట్టి గాలి మన వీపుకి తగిలేలా నిలబడితే అది మనవైపు లేచే అవకాశం ఎక్కువ. ఫ్రేమ్ కూడా బిగించేయకుండా రెక్కలు విప్పుకునేంత చోటు వదలాలి, ఫోకస్ కంటిన్యువస్‌లో, అంటే కదిలే పక్షిని వదలకుండా వెంటాడేలా, పెట్టుకోవాలి. ఇవన్నీ అది కొమ్మ మీద ఉండగానే.

▪ ఇప్పటి కెమెరాల్లో ప్రీ క్యాప్చర్ ఉంది కదా అన్నా, బటన్ పూర్తిగా నొక్కకముందు ఫ్రేములు కూడా దాచేస్తుంది. ఇంక అదునుతో పనేముంది?

▪ చాలా మంచి ఫీచర్ తమ్ముడూ, మన వేలు ఆలస్యమైనా అదును చేజారదు. కానీ ఆ దాచిన ఫ్రేములన్నీ నువ్వు ముందు పెట్టిన సెట్టింగ్స్‌లోనే ఉంటాయి, 1/250లో ఉంచితే పది ఫ్రేములకి పదీ చెదిరినవే వస్తాయి. పైగా బటన్ సగం నొక్కి పట్టుకున్నంతసేపూ బ్యాటరీ గబగబా తగ్గిపోతుంది, కాబట్టి మెడ ముడిచిందా, ఒంగిందా అన్నది చూసుకునే పట్టుకోవాలి.