పాండవుల గుట్ట దిగేటప్పుడే మోకాలి నొప్పి

డిసెంబరు నుంచి ఆదివారాలు వరంగల్ నుంచి రేగొండ దగ్గరి పాండవుల గుట్టలకు వెళ్తున్నాను. ఇసుకరాతి బండల మధ్య చుట్టి రావడానికి 3 గంటలు. ఎక్కేటప్పుడు ఏ బాధా లేదు. దిగడం మొదలుపెట్టిన 20 నిమిషాలకు కుడి మోకాలి బయటి పక్కన సూదితో పొడిచినట్లు నొప్పి. చదును నేల మీదికి రాగానే తగ్గుతుంది. వాపు లేదు, మోకాలు పట్టేయడం లేదు, ఎక్స్‌రేలో ఏమీ కనిపించలేదు.

బూట్లు మార్చాను, పట్టీ వేశాను, ఐసు పెట్టాను, రెండు వారాలు నడక మానేశాను (అన్నిటికన్నా కష్టం ఇదే). మళ్లీ వెళ్లగానే దాదాపు అదే బండ దగ్గర అదే పోటు! చేతికర్ర మాత్రం ఇంకా వాడి చూడలేదు.

ఇలాంటి నొప్పి వచ్చి తగ్గినవారు, దిగేటప్పుడు అడుగు వేసే తీరులో ఏమి మార్చుకున్నారు?