ముత్సు పేలుడు: ఆ నావికుడి పనేనా, లేక నౌకాదళం చేతులు దులుపుకుందా?

సాగరయానం: జపాన్ యుద్ధనౌక ముత్సు గురించి చదువుతున్నా. 1921లో యోకోసుకాలో పూర్తయింది, 16 అంగుళాల ఫిరంగులు ఎనిమిది, నగాటోకి జోడు ఓడ. పెద్ద దేశాల యుద్ధనౌకలకి పరిమితి పెట్టిన వాషింగ్టన్ ఒప్పందం చర్చల్లో దీన్ని తుక్కు చేయాలని అమెరికా, బ్రిటన్ అంటే జపాన్ ససేమిరా అంది, బదులుగా తన తొలి డ్రెడ్‌నాట్‌లలో (భారీ ఫిరంగుల యుద్ధనౌకలు) ఒకటైన సెత్సుని యుద్ధనౌకల లెక్కలోంచి తీసేసింది. అంత పట్టుబట్టి నిలుపుకున్న ఓడ 1943 జూన్ 8 మధ్యాహ్నం జపాన్‌లోనే హషిరజిమా దీవి దగ్గర లంగరేసి ఉండగా మూడో టరెట్ (ఫిరంగులుండే తిరిగే గది) కింది మందుగుండు గది పేలి రెండు ముక్కలైంది. 1,474 మందిలో బతికింది 353 మంది. దొంగతనం కేసులో ఇరుక్కున్న ఓ నావికుడు కసితో పేల్చి ఉంటాడని అడ్మిరల్ షియోజావా కమిటీ తేల్చింది. మీరు నమ్ముతారా?

కొలిమి: నమ్మను. పేలింది జూన్ 8న, కమిటీ చెప్పింది జూన్ 25న. అప్పటికి డైవర్ల పనే పూర్తి కాలేదు. ఓడ అడుగున పడి ఉండగానే దోషి ఎలా దొరికాడు?

పాతపేజీలు: ఆ 17 రోజులూ ఖాళీగా కూర్చోలేదు కొలిమి గారూ. మొదటి అనుమానం టైప్ 3 షెల్స్ మీదే, విమానాల మీదికి పేల్చేవి. అవి అంతకుముందు సాగామి ఆయుధాగారంలో మంటలకు కారణమయ్యాయి కాబట్టి నౌకాదళ మంత్రి షిమాదా అన్ని ఓడల నుంచీ వాటిని వెంటనే దించేయించాడు. పరీక్షలు చేశారు, బతికినవాళ్లను విచారించారు, షెల్స్ వల్ల కాదని తేలింది. శత్రు జలాంతర్గామి లోపలికి వచ్చే దారి లేదు. ఇక మిగిలింది మనిషే.

లెక్కలమాస్టారు: ఆ 1,474లో ఓడ చూడ్డానికి వచ్చిన విమానదళ ట్రైనీలు, వాళ్ల ఇన్‌స్ట్రక్టర్లు 150 మంది దాకా ఉన్నారు. ఆ పిల్లల్ని మర్చిపోకండి.

గాజువాక_కుర్రోడు: 1971లో మన వైజాగ్ దగ్గర మునిగిన పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ సంగతీ ఇంతే కదన్నా, మనవాళ్లు ఒకటి చెప్తారు, పాకిస్తాన్ ఇంకోటి చెప్తుంది.

కొలిమి: తమ్ముడూ, ఘాజీ శత్రువుల జలాల్లో మునిగింది, ముత్సు సొంత రేవులో పేలింది, ఆ రెండూ కలపకు. పాతపేజీలు గారూ, "మిగిలింది మనిషే" అంటున్నారు, మరి కార్డైట్, అదే ఫిరంగుల్లో వాడే మందు, ఎటుపోయింది? 1918 జులైలో ఇదే నౌకాదళం డ్రెడ్‌నాట్ కవాచీ తొకుయామా అఖాతంలో పేలి 600 మందికి పైగా పోయారు. అప్పుడూ మొదట ఎవరో నిప్పు పెట్టారనే అనుకున్నారు. నమ్మదగ్గ అనుమానితుడు దొరక్కపోతే, కార్డైట్ చెడి దానంతటదే అంటుకుని ఉండొచ్చు అని రాశారు. "ఉండొచ్చు" అని! 1905లో మికాసా ససెబోలో, 1917లో త్సుకుబా యోకోసుకాలో, అన్నీ రేవుల్లోనే పేలాయి. ఇంత చరిత్ర ఉంటే ముందు అనుమానించాల్సింది మనిషినా, మందునా?

పాతపేజీలు: 1918 నాటి కార్డైట్, 1943 నాటిది ఒకటే అన్నట్టు మాట్లాడుతున్నారు. అయినా యుద్ధం మధ్యలో ఉన్న కమిటీ అది.

కొలిమి: యుద్ధం సాకుతోనే ఈ వార్తని జనానికి తెలియనివ్వలేదు, శవాలను మూకుమ్మడిగా దహనం చేశారు, బతికినవాళ్లలో చాలామందిని నోరు విప్పకుండా పసిఫిక్ దీవులకు పంపేశారు. ఇలాంటివాళ్లు ఒక నావికుడి విషయంలో మాత్రం నిజం చెప్పారా? నేను పనిచేసిన ఫ్యాక్టరీలో వాల్వు పనిచేయట్లేదని మేం కాగితం మీద రాసిచ్చాం. పేలింది, కాంట్రాక్టు కుర్రాడు పోయాడు. రిపోర్టులో "ఆపరేటర్ నిర్లక్ష్యం" అని రాశారు. వాళ్లమ్మ పరిహారం కోసం ఏళ్లపాటు తిరిగింది.

పాతపేజీలు: అది అన్యాయమే, కానీ ముత్సుకి అది సాక్ష్యం కాదు. ప్రతి విచారణాధికారీ అబద్ధాలకోరే అన్నట్టు రాస్తున్నారు, నాకు కోపం వస్తోంది. నేనూ అలాంటి కమిటీలో కూర్చున్నా. అవతల అలాంటి మెషీన్లే నడుస్తుంటాయి, కింద జనం ఉంటారు, ఆపాలా వద్దా సాయంత్రానికి చెప్పమంటారు. షియోజావా ముందున్నదీ అదే, ముత్సు పోయింది కానీ నగాటో ఉంది, మిగతా ఓడలున్నాయి, ఆ షెల్స్ మళ్లీ ఎక్కించాలా వద్దా? తెలియదు అని రాస్తే ఆ ఓడల్లో నిద్రపోయేవాళ్లకి ఏం చెప్తారు?

సాగరయానం: ఇప్పుడు అసలు విషయానికి వచ్చారు ఇద్దరూ.

కొలిమి: షెల్స్ వల్ల కాదు, ఎక్కించుకోవచ్చు అని రాసి అక్కడే ఆపొచ్చుగా. కవాచీకి ఆపారుగా. మందు తయారీ మీద, నిల్వ మీద జాగ్రత్త పెంచమని సలహా కూడా ఇచ్చారు. ముత్సుకి మాత్రం, తిరిగి జవాబు చెప్పలేని ఒక మామూలు నావికుడి నెత్తిన 1,121 చావులు పెట్టారు. ఒకవేళ వాడే చేశాడనుకుందాం, కేసు నడుస్తున్న మనిషి మందుగుండు గదిలోకి ఎలా వెళ్లగలిగాడు? తాళం ఎవరి దగ్గరుంది? ఆ ప్రశ్న పై అధికారుల దాకా వెళ్తుంది.

పాతపేజీలు: ఆ ప్రశ్న న్యాయమైనదే. కానీ ఒక మనిషి అలా చేయలేడు అని మీరూ రుజువు చేయలేదు.

కొలిమి: రుజువు చేయాల్సింది నేను కాదండీ, నింద వేసినవాళ్లు. 1970 నుంచి ఆ ఓడలో చాలా భాగం పైకి తీశారు. అందులో ఆ నావికుడి మీద ఒక్క ఆధారం దొరికిందని మీరు చూపిస్తే అప్పుడు మాట్లాడదాం.