బడి కంప్యూటర్లకు ఏ డెస్క్‌టాప్ వేయాలి? పిల్లలకు ముందు బొమ్మలు నేర్పాలా, కమాండ్లు నేర్పాలా?

ప్రశ్న (లెక్కల టీచరు)

మా ఉన్నత పాఠశాల ల్యాబులో 4 జీబీ మెమరీ ఉన్న పన్నెండు పాత కంప్యూటర్లు ఉన్నాయి. వాటిలోని విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11కు ఆ యంత్రాలు సరిపోవు. అందువల్ల విండోస్‌కు బదులు ఉచితంగా దొరికే లినక్స్ వేయాలని నిర్ణయించుకుని, దాని మీద నడిచే డెస్క్‌టాప్‌లు (తెర మీద విండోలు, మెనూలు, బొమ్మలు చూపే భాగాలు) గ్నోమ్, కేడీఈ ప్లాస్మా, ఎక్స్‌ఎఫ్‌సీఈ మూడింటినీ ఒక్కొక్క యంత్రంలో పెట్టి చూశాను. మూడూ పనిచేస్తున్నాయి గాని, ఏది పిల్లలకు నప్పుతుందో తేల్చుకోలేకపోతున్నాను.

దీని వెనుక ఇంకో సందేహం కూడా ఉంది. విండోస్ 7 రోజుల్లో తెర బొమ్మలన్నీ అతికించి, "ఇక్కడ నొక్కండి, తరువాత ఇక్కడ నొక్కండి" అంటూ అరవై పేజీల నోట్సు తయారుచేశాను. విండోస్ 10 వచ్చేసరికి అందులో సగం పేజీలు చిత్తుకాగితాలయ్యాయి. మా సహోపాధ్యాయుడు ఒకరు, గుండీల స్థానాలు బట్టీపట్టించే బదులు మొదటి నుంచీ టైపుచేసి ఇచ్చే కమాండ్లే నేర్పితే పదేళ్ల తరువాత కూడా పనికొస్తాయని వాదిస్తున్నారు. అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పగలరు.

జవాబు 1 (సర్వర్లు చూసుకునే ఉద్యోగి)

మాస్టారూ, నేను రోజంతా కమాండ్లు టైపుచేసే నల్లతెర (టెర్మినల్) ముందే కూర్చునేవాణ్ని, అయినా మీ సహోపాధ్యాయుడి మాటతో పూర్తిగా ఏకీభవించలేను. ఊళ్లో మనిషి ఎదురుపడితే వెంటనే పోల్చుకుంటాం గాని, అదే మనిషి పేరు ఉన్నట్టుండి ఎవరైనా అడిగితే తడుముకుంటాం. మెనూ చేసే మేలు సరిగ్గా అదే: ఏమేమి చేయవచ్చో అది కళ్లముందు పరిచి పెడుతుంది, వాడుకరి పోల్చుకుంటే చాలు. ఖాళీ టెర్మినల్ మాత్రం ఏదీ చెప్పకుండా, మనకే అన్నీ గుర్తుండాలని కూర్చుంటుంది. పైగా డెస్క్‌టాప్‌లో చెరిపిన ఫైలు ముందు చెత్తబుట్టలోకి పోతుంది, టెర్మినల్‌లో చెరిపినది నేరుగా పోతుంది. ఆరో తరగతి పిల్లవాడికి ఈ రెండో తేడా చాలా పెద్దది.

ఇక లోపాల సంగతి. డెస్క్‌టాప్‌లో మనం చేసిన పనికి ఆనవాలు మిగలదు. ఒక పిల్లవాడు మౌస్‌తో లాగుతూ వేలు జారి, తరగతి ఫోల్డరును పక్క ఫోల్డరులో పడేశాడనుకోండి. అప్పుడే గమనిస్తే కంట్రోల్, జెడ్ నొక్కి వెనక్కి తేవచ్చు, మర్నాడు గమనిస్తే వెతుకులాటే. అదీగాక విండోస్‌లో లాగి వదిలిన ఫైలు అదే డ్రైవులోనైతే చోటు మారుతుంది, వేరే డ్రైవులోకైతే కాపీ అవుతుంది. చేతి కదలిక ఒక్కటే, ఫలితాలు రెండు. కేడీఈ వారి ఫైలు మేనేజరు డాల్ఫిన్ మామూలుగా లాగి వదలగానే "జరపనా, కాపీ చేయనా" అని అడుగుతుంది. ఆ అడగడం కొందరికి విసుగేమో గాని బడికి మంచిదే.

మూడువందల ఫోటోల పేర్లు మార్చడానికి కమాండ్లే దిక్కు అని మావాళ్లు చెప్పే ఉదాహరణ మాత్రం పాతబడిపోయింది. ఎక్స్‌ఎఫ్‌సీఈ ఫైలు మేనేజరు థునార్‌లో ఆ పనికి ప్రత్యేక పనిముట్టు ఉంది, కొత్త పేర్లు ఎలా ఉంటాయో ముందే చూపిస్తుంది కూడా. అయితే ప్రతి ఫైలు మొదటి వరుసలో ఉన్న రోల్ నంబరును తీసి దాన్నే ఫైలు పేరుగా పెట్టాలని మీరు అనుకుంటే, తయారుచేసినవారు ఊహించని కోరిక గనుక దానికి అక్కడ గుండీ ఉండదు. ఆ పని కోసం షెల్‌లో (టెర్మినల్‌లో మన కమాండ్లను అందుకుని నడిపే ప్రోగ్రాములో) నాలుగు వరుసలు రాసుకుంటే, వచ్చే ఏడు కూడా ఆ నాలుగు వరుసలే నడుస్తాయి, వాటిని పక్క ఊరి టీచరుకు వాట్సాప్‌లో పంపవచ్చు. మీ అరవై పేజీల నోట్సుకు లేనిదీ ఈ గుణమే.

నా ఓటు ఎక్స్‌ఎఫ్‌సీఈకి. 4 జీబీలో బ్రౌజరుకు చోటు మిగలాలంటే డెస్క్‌టాప్ తేలికగా ఉండాలి. గ్నోమ్ 2011లో మూడో రూపం తీసుకున్నప్పటి నుంచి విండోకు మినిమైజ్ గుండీ కూడా లేకుండానే వస్తోంది. ఉబుంటు లాంటి లినక్స్ రకాలు దాన్ని తిరిగి చేర్చి ఇస్తున్నాయంటేనే వాడుకరులు ఏమనుకున్నారో తెలుస్తుంది.

జవాబు 2 (తెలుగు అనువాదాలు చేసే స్వచ్ఛంద కార్యకర్త)

పై జవాబులో రాని విషయం ఒకటి ఉంది: మీ పిల్లలు ఫైళ్లకు తెలుగులో పేర్లు పెడతారు కదా? టెర్మినల్ తెరను సమానమైన గళ్లుగా విభజించి, గడికొక అక్షరం చొప్పున రాస్తుంది. ఇంగ్లీషుకు అది సరిపోయింది. మన "లక్ష్మి" కంటికి రెండు అక్షరాలే గాని యూనికోడ్ (కంప్యూటరులో అక్షరాలకు సంకేతాలు కేటాయించే పద్ధతి) లెక్కలో ఏడు సంకేతాలు. వాటిని కలిపి, ఒత్తులను కిందికి చేర్చి, గుడిని పైకెక్కించి ఒక ఆకారంగా కూర్చాలి. డెస్క్‌టాప్ ప్రోగ్రాముల్లో ఆ కూర్పు పనిని హార్ఫ్‌బజ్ వంటి భాగం చేసిపెడుతుంది. చాలా టెర్మినళ్లలో ఒత్తులు విడిపోయి, పక్క గడిలోకి జారి, చదవరాకుండా తయారవుతాయి. తెలుగు మాధ్యమం పిల్లవాడికి మొదటి రోజే కమాండ్లు నేర్పడమంటే, తన పేరు తనకే అర్థంకాని చోట కూర్చోబెట్టడమే.

డెస్క్‌టాప్ బొమ్మలన్నీ మన పిల్లలకు వాటంతటవే అర్థమవుతాయనీ అనుకోకండి. బల్ల, ఫోల్డరు అనే ఈ ఊహ జిరాక్స్ సంస్థ పాలో ఆల్టో పరిశోధనశాలలో పుట్టి, 1981లో స్టార్ అనే యంత్రంతో అమ్మకానికి వచ్చి, 1984లో మాకింటాష్ ద్వారా జనంలోకి పోయింది. అంచు పైకి పొడుచుకు వచ్చిన ఆ అట్ట ఫోల్డరు అమెరికా కచేరీలది. మన కచేరీలో ఉండేది తాడు కట్టిన ఫైలు కట్ట. ఫ్లాపీని చూడని పిల్లలు "సేవ్" బొమ్మను అచ్చంగా ఒక లిపి చిహ్నంలా నేర్చుకుంటున్నారు. కాబట్టి బొమ్మ పక్కన మాట ఉండడం ముఖ్యం. మెనూలను తెలుగులో పెట్టి చూడండి. "దస్త్రం" వంటి మాటకు పిల్లలు వారంలో అలవాటుపడతారు, పెద్దలే ఎక్కువ గునుస్తారు.

ప్రశ్న వేసినవారు

ఇద్దరికీ కృతజ్ఞతలు. తెలుగు ఒత్తుల విషయం నాకు తట్టనే లేదు. ఈ సాయంత్రం ఒక యంత్రంలో పరీక్షించాను, "కృష్ణ" కాస్తా ముక్కలైంది. ఎక్స్‌ఎఫ్‌సీఈతో మొదలుపెట్టి, తొమ్మిదో తరగతికి మాత్రం వారానికి ఒక పీరియడు షెల్ కోసం కేటాయిద్దామనుకుంటున్నాను.

జవాబు 3 (చూపు లేని వాడుకరి)

ఆలస్యంగా చూశాను, చిన్న మాట. నేను తెర మీది మాటలను చదివి వినిపించే స్క్రీన్ రీడరుతో పనిచేస్తాను, మౌస్ ముట్టను. గుండీకి పేరు పెట్టకుండా బొమ్మ మాత్రమే పెట్టిన ప్రోగ్రాములో నాకు "బటన్, బటన్, బటన్" అని మాత్రమే వినిపిస్తుంది. కమాండ్లు నాకు కొంత నయం గాని, నిలువు వరుసల్లో పట్టికగా వచ్చే ఫలితాన్ని చెవితో పట్టుకోవడం అంతకన్నా కష్టం. మీ బడిలో అలాంటి పిల్లలు ఉన్నా లేకున్నా, ల్యాబు సిద్ధమయ్యాక మౌస్ తీగ పీకేసి, ట్యాబ్, బాణం మీటలతోనే ఒక ఫైలు తెరిచి, రాసి, దాచి చూడండి. మూడు డెస్క్‌టాపుల్లో ఏది ఎక్కడ ఆగిపోతుందో ఇక్కడ రాస్తే నాబోటివారికి ఉపయోగం.