గీజరు మీద 2000 వాట్లని ఉంది, నీళ్లు కాగడానికి అరగంట పడతా ఉంది. లెక్క ఎట్ల చూడాల?

చంద్రగిరి_కోటవీధి:
15 లీటర్ల గీజరు. ప్లేటు మీద 230 వోల్టులు, 2000 వాట్లు. సాయంత్రమైతే మా వీధిలో వోల్టేజి పడిపోతుంది. ఎలిమెంటు పాడైందా, కరెంటే తక్కువా? బిల్లు కూడా పెరుగుతుందేమోనని దిగులుగా ఉంది. మల్టీమీటరు, క్లాంప్ మీటరు (తీగ చుట్టూ తగిలించి ఆంపియర్లు చూసేది) ఉన్నాయి.

రేణిగుంట_వైరింగ్:
గీజరు ఆన్‌లో ఉండగా సాకెట్ దగ్గర వోల్టులు చూడన్నా. క్లాంప్ మీటరు మాత్రం బోర్డులో ఒంటి ఫేజు తీగకే తగిలించు. ఫేజు, న్యూట్రల్ రెండిటినీ కలిపి పట్టిస్తే సున్నా చూపిస్తుంది. తడి చేతులతో వద్దు.

చంద్రగిరి_కోటవీధి:
180 వోల్టులు, 6.8 ఆంపియర్లు.

చిత్తూరు_ఫిజిక్స్_టీచరు:
వోల్టులను ఆంపియర్లతో భాగిస్తే రెసిస్టెన్స్: 180 ÷ 6.8 = 26.5 ఓములు. రెండిటినీ గుణిస్తే పవర్: 1224 వాట్లు.

ఇప్పుడు ప్లేటు లెక్క. 2000 ÷ 230 = 8.7 ఆంపియర్లు. 230 ÷ 8.7 = 26.4 ఓములు. రెండూ కలిశాయి కాబట్టి ఎలిమెంటు నిక్షేపంగా ఉంది. వోల్టేజి తగ్గితే కరెంటూ తగ్గుతుంది, రెండు దెబ్బలూ పవర్ మీదే పడతాయి. అందుకే వోల్టేజి 22 శాతం తగ్గితే పవర్ 39 శాతం పోయింది. 25 డిగ్రీల నీళ్లు 60కి రావడానికి 2000 వాట్లయితే 18 నిమిషాలు, 1224 అయితే 30. యూనిట్లు ఎటు చూసినా 0.6 దగ్గరే, బిల్లు గురించి దిగులు పడకండి.

వోల్టులను ఆంపియర్లతో భాగించే ఈ సూత్రం జర్మన్ శాస్త్రవేత్త ఓమ్ 1827లో అచ్చు వేసింది. మా పిల్లలు పరీక్షకు బట్టీ పడతారు. ఇంట్లో గీజరు ప్లేటు చూపించి చేయిస్తే జన్మలో మరచిపోరు.

పలమనేరు_బోరు:
బోరు మోటరుకూ ఇదే లెక్కా సార్? మాకు వోల్టేజి తగ్గితే ఆంపియర్లు పెరుగుతాయే.

చిత్తూరు_ఫిజిక్స్_టీచరు:
మోటరుకు ఇది పనికిరాదు. లాగాల్సిన నీళ్లు అవే కాబట్టి వోల్టేజి తగ్గేకొద్దీ అది ఎక్కువ కరెంటు తీసుకుంటుంది. వైండింగులో వేడి కరెంటు వర్గాన్ని బట్టి ఉంటుంది: 8 ఆంపియర్లు 10 అయితే వేడి ఒకటిన్నర రెట్లు దాటుతుంది. త్రీ ఫేజ్ పవర్ కావాలంటే 1.732 × వోల్టులు × ఆంపియర్లు × పవర్ ఫ్యాక్టర్ (తీసుకున్న కరెంటులో నిజంగా పనికొచ్చే వంతు).

పలమనేరు_బోరు:
అయితే స్టార్టరులో ఓవర్‌లోడ్ రిలేను (కరెంటు మితిమీరితే మోటరును ఆపేసేది) మోటరు ప్లేటు మీది ఆంపియర్లకే పెట్టాల. ఊరికే ట్రిప్ అవుతోందని పైకి తిప్పేవాళ్లు మా పక్క చానా మంది. ఆనక మోటరు పైకి తీసే ఖర్చు తడిసి మోపెడవుతుంది.

రేణిగుంట_వైరింగ్:
కోటవీధి అన్నా, గీజరు ఆన్‌లో పెట్టి మీటరు బోర్డు దగ్గర కూడా చూడు. వైరు సైజెంత, దూరమెంత?

చంద్రగిరి_కోటవీధి:
బోర్డు దగ్గర 196. వైరు 1 స్క్వేర్ (చదరపు మిల్లీమీటరు) రాగి, 25 మీటర్లు ఉంటుంది.

రేణిగుంట_వైరింగ్:
అంటే 16 వోల్టులు దారిలోనే పోతా ఉండాయి. 16 ÷ 6.8 = 2.35 ఓములు. 1 స్క్వేర్ రాగికి కిలోమీటరుకు 18 ఓములు, పోను రాను 50 మీటర్లకు 0.9. మిగతా 1.45 ఓములు ఏదో జాయింటులో ఉంది. 6.8 × 6.8 × 1.45 = 67 వాట్లు, వేలెడు చోట! సోల్డరింగ్ ఐరన్ పెట్టినట్టే. ఈ రోజే మెయిన్ ఆపి, టెస్టరుతో చూసుకుని సాకెట్ విప్పించు.

చంద్రగిరి_కోటవీధి:
విప్పించినాం. న్యూట్రల్ స్క్రూ వదులైపోయింది, తీగ తొడుగు నల్లబడి పట్టుకుంటే పొడిపొడిగా రాలింది. కొత్త 16 ఆంపియర్ల సాకెట్ వేసినారు. ఇప్పుడు 189 వోల్టులు, 7.1 ఆంపియర్లు, 1342 వాట్లు.

రేణిగుంట_వైరింగ్:
వైరు కూడా 2.5 స్క్వేర్ వేయించన్నా, గీజరుకు విడిగా లైను. 1 స్క్వేర్ లైట్లకు, ఫ్యాన్లకు సరి.