అగార్ (జెల్లీలాంటి గట్టి మాధ్యమం) మీద పనిచేసిన బ్యాక్టీరియా స్ట్రెయిన్ బ్రాత్‌లో (ద్రవ మాధ్యమంలో) ఎందుకు మొండికేస్తోంది?

ఎమ్మెస్సీ ప్రాజెక్టు కోసం ఎడారి జమ్మి చెట్టు వేళ్లకు అంటుకున్న మట్టి నుంచి యాక్టినోబ్యాక్టీరియా (యాంటీబయాటిక్‌లు తయారుచేసే రకాలున్న బ్యాక్టీరియా వర్గం) వేరుచేస్తున్నాను. స్టార్చ్ కేసిన్ అగార్, 28 డిగ్రీలు. మొదట్లో రెండో రోజుకే బాసిల్లస్ అనే వేరే బ్యాక్టీరియా ప్లేటంతా పాకేసేది. మట్టిని ఆరబెట్టి పొడిగానే వేడి చేశాక ఆ బెడద తగ్గింది. బూజుకి సైక్లోహెక్సిమైడ్ వేస్తున్నాను.

పది రోజులకు సుద్దపొడి చల్లినట్టు, తొలకరి మట్టివాసనతో కాలనీలు వచ్చాయి. స్ట్రెప్టోమైసిస్ అనే అనుకుంటున్నాను (1943లో స్ట్రెప్టోమైసిన్ అనే యాంటీబయాటిక్ దొరికింది ఈ జాతిలోనే కదా, అందుకే ఆశ!). ఒక కాలనీ నుంచి అగార్ ముక్క కోసి పెడితే, దాని చుట్టూ 16 మిల్లీమీటర్ల వలయంలో స్టెఫైలోకాకస్ ఆరియస్ అనే రోగకారక బ్యాక్టీరియా పెరగలేదు. ఈ.కోలై మీద మాత్రం ప్రభావం లేదు.

టెన్షన్ ఇక్కడే. అదే స్ట్రెయిన్‌ని ఫ్లాస్కులో ఏడు రోజులు షేకర్ మీద పెంచి, వడగట్టిన ద్రవం పరీక్షిస్తే వలయం సున్నా. గ్లూకోజ్ తగ్గించి చూశాను, లాభం లేదు.

ఆ యాంటీబయాటిక్ మందు మైసీలియంలోనే (దారాల్లా పెరిగే కణాల్లోనే) ఉండిపోతోందా? దాన్ని మెథనాల్‌తో తీయాలా? లేక బ్రాత్ వదిలేసి, పెరిగిన అగార్‌నే ముక్కలు చేసి ఇథైల్ ఎసిటేట్‌లో నానబెట్టడం మేలా? పదేపదే సబ్‌కల్చర్ చేయడం (కొత్త మాధ్యమంలోకి మార్చి పెంచడం) వల్ల ఆ గుణమే పోయిందేమోనని కూడా భయంగా ఉంది. ఇలాంటిది ఎదురైనవాళ్లు ముందు ఏది చూడమంటారో చెప్పండి, ప్లీజ్.